కొయ్యకుండా మడిచిన గుడ్డ

ఈ మధ్య నేను లావయ్యాను. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం లేక కొన్నాళ్లు వాషింగ్ మెషిన్ మీద, కొన్నాళ్లు హైదరాబాద్ నీళ్ల మీద నెపం పెట్టాను. పోయిన వారం పాత నీలం కుర్తా ఒకటి వేసుకోబోతే అది భుజాల దగ్గరే ఆగిపోయింది. ఇక బుకాయించి లాభం లేదని తార్నాకలో మెట్రో స్టేషన్ వెనకున్న టైలర్ దగ్గరికి పట్టుకెళ్లాను. అతను కుర్తాను తిరగేసి, పక్క కుట్లు వేళ్లతో తడిమి నవ్వాడు.

“ఎవరు కుట్టిండ్రు మేడం గిది? లోపల గింత గుడ్డ వదిలిండ్రు! దీంట్ల ఇంకో మనిషి పట్టొచ్చు.”

విప్పి వదులు చెయ్యడం కాసేపటి పనేనన్నాడు. నేనేమో కుర్తా అతని చేతిలోంచి తీసేసుకుని, రేపొస్తానని చెప్పి వచ్చేశాను. ఆ కుట్లు ఆవిడ వేసినవి. వాటిని ఇంకొకరి బ్లేడు విప్పుతుంటే చూస్తూ నిలబడలేననిపించింది.

ఆవిడ మాణికేశ్వర్ నగర్‌లో ఆడవాళ్ల బట్టలు కుట్టేది. యూనివర్సిటీ క్యాంపస్ గోడ దాటితే మొదటి సందులోనే ఇల్లు. ముందు రేకుల వసారా, అందులో కుట్టుమిషన్, పక్కన వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు, తెరిచిన తలుపులోంచి కనిపించే మంచం. లేడీస్ హాస్టల్లో ఉండే మాలాంటి రీసెర్చ్ స్కాలర్లందరికీ ఆవిడ ఆంటీ. ఆవిడకు మేమందరం బిడ్డలమే. పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక ఆవిడకు లేదు. కొలతలు మాత్రం ఒకసారి చూస్తే మర్చిపోదు.

అప్పట్లో నేను గాలేస్తే పడిపోయేలా ఉండేదాన్ని. అయినా నాకు కుట్టిన ప్రతి బట్టలోనూ రెండు పక్కలా బారెడు గుడ్డ లోపలికి మడిచి వదిలేది. ఒంటికి గుచ్చుకుంటోంది, కోసెయ్యమని నేను గోల పెట్టేదాన్ని.

“కొయ్య. లావైనంక ఏంజేస్తవు?”

“నేను లావవను ఆంటీ. మా ఇంట్లో ఎవరూ లావు లేరు.”

“ఔతవు బిడ్డా. పెండ్లైతే ఔతవు, లేకపోతే నౌకరి దొరికి కూసుంటె ఔతవు. దేవుడు ఇచ్చేటాళ్లకు బట్ట ఇరుకుండొద్దు.”

మాది భీమవరం దగ్గర. ఇంట్లో రోజూ దీపం పెట్టి, మిగతా విషయాల్లో దేవుణ్ణి పెద్దగా ఇబ్బంది పెట్టని కుటుంబం. ఆవిడలా ప్రతి మాటకూ దేవుణ్ణి లాక్కొచ్చే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మిషన్ దారం తెగితే “ప్రభువా” అనేది. కరెంటు పోతే “స్తోత్రం” అనేది. ఎందుకని అడిగితే, కరెంటు ఎలాగూ వస్తుంది కాబట్టి కృతజ్ఞత ముందే చెప్పేస్తే పని అయిపోతుందట.

శుక్రవారం మిషన్ తొక్కేది కాదు. ఆ రోజు బస్తీ ఆడవాళ్లంతా ఉపవాసముండి, ఎవరో ఒకరి ఇంట్లో చేరి ప్రార్థన చేసుకునేవారు. ఉపవాసం ఆవిడ ఆత్మకు ఎంత మేలు చేసేదో తెలియదు కానీ, నాలుకను మాత్రం బాగా పదును పెట్టేది. మధ్యాహ్నం ప్రార్థనకు వెళ్లే ముందు కనీసం ఒకరినైనా తిట్టి వెళ్లేది. సాయంత్రం తిరిగొచ్చి, తిట్టిన మనిషిని పిలిచి క్షమించమనేది. ఆ అడగడం కూడా తిట్టినట్టే ఉండేది.

పాట ఎత్తుకోవడం ఇంకో సంగతి. ఒక శుక్రవారం ప్రార్థన ఆంటీ వాళ్లింట్లోనే పెట్టుకున్నారు. సల్వార్ కోసం వెళ్లిన నేను స్టూలు మీద ఇరుక్కుపోయాను. ఆవిడ పల్లవే ఆకాశంలో మొదలుపెట్టింది. మొదటి చరణం దాకా అందరూ ఎలాగో ఎగబాకారు. రెండో చరణానికి ఒక్కొక్కరే చేతులెత్తేశారు, దగ్గు వచ్చినట్టు నటించినవాళ్లు కూడా ఉన్నారు. ఆవిడ ఒక్కతే కళ్లు మూసుకుని, మెడనరాలు తేలుతుండగా, ఆ చరణాన్ని చివరిదాకా మోసుకెళ్లింది. మళ్లీ పల్లవి రాగానే అందరూ ఏమీ ఎరగనట్టు వచ్చి కలిశారు. ప్రతి శుక్రవారం ఇదే తంతు అని తర్వాత తెలిసింది. కాస్త కిందికి ఎత్తుకోవచ్చు కదా అంటే, “కింద ఎత్తుకుంటె నిద్దరొస్తది” అంది.

మంచం మీద ఉండేది వాళ్లాయన. రంగులు వేసే పని ఆయనది. ఎక్కడో అపార్ట్‌మెంట్‌కి రంగు వేస్తూ పై అంతస్తు నుంచి పడ్డాడు. నడుము కింద నుంచి ఒళ్లు మాట వినడం మానేసింది. ఇక లేవడని డాక్టర్లు చెప్పేశారు. పిల్లలు లేరు. నేను చూసేటప్పటికే ఆయన మంచం మీద కొన్నేళ్లుగా ఉన్నాడు. పడుకునే ఉన్నా ఇంట్లో సగం మాటలు ఆయనవే. సందులో ఎవరు పోతున్నారో చెప్పుల చప్పుడును బట్టి చెప్పి, వాళ్ల మీద ఒక జోకు వేసేవాడు.

శుక్రవారం ప్రార్థన నడిపేది పాస్టర్‌గారి భార్య, పాస్టరమ్మ. పాట అయ్యాక ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగేది, నీ మనవి ఏందక్కా అని. ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి మోకాళ్లు. ఆంటీ మనవి ఎప్పుడూ ఒకటే. “మా ఆయన లేచి నిలబడాలె.” ఏళ్ల తరబడి అదే మాట, అదే గొంతు. అడిగినది జరిగితే, ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాలి. అది వాళ్ల పద్ధతి. ఈవిడకు మైకంటే భయం. అందుకని సాక్ష్యం ముందే నేర్చుకోవడం మొదలుపెట్టింది.

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, చేతిలో కొలత టేపు మడిచి మైకులా పట్టుకుని చెప్పేది. “సంఘానికి వందనాలు. నేను మాణికేశ్వర్ నగర్ల కుట్టు పని చేసుకుంట బతుకుత. మా ఆయన రంగులేసుకుంట మీదికెళ్లి పడ్డడు. ఇగ లేవడని డాక్టర్లు చెప్పిండ్రు. నేను దేవుని కాళ్లు ఇడ్వలే. ఇయ్యాల మా ఆయన...”

అక్కడికి వచ్చేసరికి ఆగిపోయేది. తర్వాతి ముక్క, లేచి నిలబడ్డాడు అన్న ముక్క, గొంతులోంచి వచ్చేది కాదు. లోపలి నుంచి ఆయన అందించేవాడు.

“నిలబడ్డడు అను. నా కోసం ఆగకు, నువ్వు చెప్పుకుంట పో. నేను ఎనుకొస్త.”

“నీకు అన్నీ పరాచికాలే.”

“నీ సాక్ష్యంల మస్తుగ నడుస్తున్న గదా. గీడనే జర తక్లీఫ్.”

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. “జరగని దానికి సాక్ష్యం ఏమిటి ఆంటీ?”

ఆవిడ నన్ను తెలివి తక్కువదాన్ని చూసినట్టు చూసింది. “జరిగిన నాడు నేర్చుకుంటర బిడ్డా? ఆ నాడు ఏడ్పొస్తది, మాట రాదు. గందుకే ఇప్పుడే నేర్చుకుంటున్న.”

సాక్ష్యంతో పాటు ఒక చొక్కా కూడా సిద్ధంగా ఉండేది. ఆయన లేచి చర్చికి నడిచే రోజు వేసుకోడానికి తెల్ల చొక్కా. మగవాళ్ల బట్టలు కుట్టడం ఆవిడకు రాదు. అయినా ఇంకొకరికి ఇవ్వకుండా తానే కుట్టింది. కాలర్ ఒక పక్కకు వంగి ఉండేది. ఏటా క్రిస్మస్ ముందు దాన్ని తీసి ఆయనకు తొడిగి చూసేది. ఏటా ఆయన చిక్కిపోతూ ఉండేవాడు. ఆవిడ భుజాలూ పక్కలూ లోపలికి పట్టి కుట్టేది. ఒక్క అంగుళం గుడ్డ కూడా కోసేది కాదు.

“కోస్తె మల్ల ఒళ్లొచ్చినంక ఏంజేస్త?” అనేది.

అలా మడిచీ మడిచీ ఆ చొక్కా లోపల దళసరిగా తయారైంది. చలికాలంలో స్వెట్టర్ అక్కర్లేదని ఆయన నవ్వేవాడు. నా థీసిస్ ముందుకు పోని రోజుల్లో, ఇంటికి ఫోన్ చేస్తే ఏడుపొస్తుందని భయపడిన రోజుల్లో, నేను బట్టల పని లేకపోయినా ఆ స్టూలు మీదికి వెళ్లి కూర్చునేదాన్ని. నాకు ఆవిడ నమ్మకం ఎప్పుడూ అబ్బలేదు. కానీ అది ఉన్న ఇంట్లో కాసేపు కూర్చుంటే నాకూ కాస్త తిండి సయించేది.

నాకు ఉద్యోగం వచ్చింది, తార్నాకకు మారాను. వారానికోసారి వెళ్లడం మానలేదు. ఒక వానాకాలం ఆయన వీపు మీది పుండ్లు తిరగబెట్టి, జ్వరం పట్టుకుని దిగలేదు. ఆస్పత్రిలో పెట్టారు. అక్కడే పోయాడు.

పొద్దున్నే పాస్టరమ్మ ఫోన్ చేస్తే పరుగెత్తుకెళ్లాను. సందు నిండా గొడుగులు. లోపల ఆయన్ను పడుకోబెట్టి ఉంచారు, చుట్టూ ఆడవాళ్లు. ఆవిడ వాళ్లలో లేదు. వసారాలో మిషన్ ముందు కూర్చుని, ఆ తెల్ల చొక్కా ఒళ్లో పెట్టుకుని, బ్లేడుతో కుట్లు విప్పుతోంది. ఒక్కొక్క ఏటి కుట్టూ విప్పి, దారాలు దులిపి, గుడ్డ లోపలి నుంచి బయటికి లాగుతోంది. బుర్ర చలించిందని ఒకావిడ గుసగుసలాడింది. పాస్టరమ్మ వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

“అక్కా, గిప్పుడు గిదెందుకు? ఇట్లియ్యి. రా, లోపల కూసుందాం.”

ఆవిడ తలెత్తలేదు, జవాబివ్వలేదు. పని చేసేటప్పుడు సూది పెదాల మధ్య కరిచి పట్టుకోవడం ఆవిడ అలవాటు. అప్పుడు పలకరించినా పలకదు, అది మాకందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం అదెవరికీ గుర్తు రాలేదు. పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ శవపేటిక సంగతి చూడటానికి వెళ్లిపోయింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ సూది తీసి దారం ఎక్కించింది.

“దేవుడు సచ్చినోళ్లను సమాధులల్లకెళ్లి లేపేనాడు మునుపటి మనిషినే లేపుతడు బిడ్డా. గీ బక్కపానాన్ని కాదు. అంగి ఇరుకైతె ఎట్ల?” అంది.

మామూలు గొంతే. కుర్తా ఎప్పటికి కావాలి అని అడిగే గొంతు. అసలు కొలతకు మళ్లీ కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆ చొక్కాలో ఆయన చిన్నపిల్లాడిలా కనిపించాడు. గుండీలు పెట్టి, వంగిన కాలర్‌ను సరిచేసి, చేతులు రెండూ దగ్గరికి చేర్చింది ఆవిడే. ఆ రోజు ఆవిడ కంటే స్పష్టంగా ఉన్న మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు. ఆ మాట నాకు తెలిసినంతగా మిగతావాళ్లకు తెలియలేదు.

తర్వాతి శుక్రవారమే ఆవిడ ప్రార్థనకు వెళ్లింది. ఆదివారం నేను వెళ్లేసరికి మిషన్ ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

“నన్నడగలే బిడ్డా.”

“ఏమడగలేదు ఆంటీ?”

“మనవి. పాస్టరమ్మ అందరినడిగింది. నా దగ్గరికొచ్చి తలకాయ నిమిరి అవుతలికి పోయింది.”

పాస్టరమ్మ మంచి మనిషి. ఇన్నేళ్ల మనవి అలా మట్టిలో కలిసిపోయాక మళ్లీ అడిగితే ఈవిడ ఏం చెబుతుంది, ఉన్న గాయాన్ని కెలకడమే కదా అనుకుని ఉంటుంది. పైగా అంత్యక్రియల పొద్దున ఆ బ్లేడు చూసింది. ఆ తర్వాతి శుక్రవారమూ అడగలేదు, ఆ పై శుక్రవారమూ అడగలేదు. పాట కూడా ఇంకెవరినో ఎత్తుకోమనేవారట, ఈవిడకు శ్రమ ఎందుకని. అందరూ పోటీపడి ఆవిడ మీద జాలి చూపించారు.

నేను పాస్టరమ్మతో మాట్లాడతానన్నాను. ఆంటీ ఒప్పుకోలేదు.

“వద్దు. అడిగించుకొని చెప్తె గది సాక్ష్యం గాదు, నా గొప్ప అయితది. అడుగుతరు తియ్. ఆదివారాలు ఏడికి పోతయి?”

“సాక్ష్యమా? ఇప్పుడేం సాక్ష్యం ఆంటీ?”

“అదే సాక్ష్యం. ఆఖరి ముక్కలే మార్చిన. కూసో, చెప్త.”

టేపు మడిచి మైకులా పట్టుకుంది. “సంఘానికి వందనాలు. మా ఆయన లేవాలని అడిగిన. ఏండ్లకేండ్లు అడిగిన. లేవలే. సచ్చిపోయిండు. దేవుడు ఎందుకు లేపలేదో నాకెర్కలే. ఎవరన్న ఎర్కున్నదని చెప్తె నేను నమ్మ. గని పొద్దుగాల నేను లేస్తున్న. మిషన్ తొక్కుతున్న. ఒక్కదాన్నే కూసోని తింటున్న. ఇంత బలం నాది గాదు. మా ఆయన లేచేదాక దేవుడు నన్ను నిలబెడ్తున్నడు. దేవునికి స్తోత్రం.”

ఎక్కడా ఆగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి చివరిదాకా చెప్పింది. ముగించి, లోపలి నుంచి ఏదో మాట వస్తుందని ఎదురుచూసినట్టు ఒక్క క్షణం మంచం వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“మంచిగున్నదా?”

తల ఊపాను.

“ఇగ తయారైంది” అని టేపు మెడలో వేసుకుంది.

తయారైన సాక్ష్యాన్ని పెట్టుకుని ఆవిడ ఎదురుచూసింది. ప్రతి ఆదివారం ఉతికిన తెల్ల చీర కట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చునేది, పిలిస్తే మైకు దాకా తొందరగా వెళ్లొచ్చని. వీసా వచ్చినవాళ్లు చెప్పారు, ఆపరేషన్ బాగా జరిగినవాళ్లు చెప్పారు, పరీక్ష పాసైనవాళ్లు చెప్పారు. వాళ్లందరికీ ఆవిడ గట్టిగా స్తోత్రం పలికేది. నేను రెండుసార్లు వెంట వెళ్లి పక్కన కూర్చున్నాను. మైకు చేతులు మారినప్పుడల్లా ఆవిడ కొంగు సర్దుకునేది. పాస్టరమ్మ ఆవిడ వైపు చూసి ప్రేమగా నవ్వి, చూపు పక్కకు తిప్పుకునేది.

చలికాలం వచ్చింది. క్రిస్మస్ బట్టలతో వసారా నిండిపోయిన రోజుల్లో ఒక ఉదయం ఆవిడ మిషన్ మీదే తల వాల్చింది. బ్లౌజు తీసుకోడానికి వచ్చినావిడ సూది ఇంకా పెదాల మధ్యే ఉండటం చూసి, పనిలో ఉందనుకుని కాసేపు పలకరించకుండా నిలబడిందట.

ఆదరణ కూటం సందులోనే పెట్టారు. చనిపోయినవాళ్ల కోసం నలుగురూ చేరి ప్రార్థించి, మిగిలినవాళ్లకు ధైర్యం చెప్పే కూటం అది. ఈవిడకు మిగిలినవాళ్లెవరూ లేరు. షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి, ఆ బస్తీలో ఆవిడ కుట్టిన బట్ట లేని ఆడమనిషి లేదు. పాస్టరమ్మ మైకు నా చేతికిచ్చింది.

“నీకు బాగ దగ్గర కదమ్మా. రెండు మాటలు చెప్పు.”

నేను ఆవిడ గురించి చెప్పలేదు. సంఘానికి వందనాలు అని మొదలుపెట్టి, ఆవిడ సాక్ష్యం ఆవిడ మాటల్లోనే చెప్పాను. కోస్తా గొంతులో ఆ మాటలు ఎలా వినిపించాయో తెలియదు, ఎవరూ నవ్వలేదు. తర్వాత చొక్కా కుట్లు ఎందుకు విప్పిందో కూడా చెప్పాను. పాస్టరమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూటం మధ్యలోనే లేచి నా దగ్గరికి వచ్చింది.

“బాధపడతదని అడగలే తల్లీ. బాధ పెట్టొద్దని...”

నాకు తెలుసునన్నాను. నిజంగానే తెలుసు. పాస్టరమ్మ మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు చూశాను, రాలేదు. ఒక్క శుక్రవారం, ఒక్కసారి, తల నిమిరే బదులు నీ మనవి ఏందక్కా అని అడిగి ఉంటే ఎంత బాగుండేది! ఆ మాటలు ఆ పెద్ద గొంతులో, ఆ భయంతో, ఆ మైకులో వినాల్సినవి. నేను తప్పు లేకుండా అప్పజెప్పాను, అంతే.

ముగింపుకు ఆంటీ పాడే పాటే నన్ను ఎత్తుకోమన్నారు. స్టూలు మీద కూర్చుని విని విని నాకూ వచ్చిన పాట. కళ్లు మూసుకుని ఆవిడ ఎత్తుకునే చోటే ఎత్తుకున్నాను. అందరూ అందుకున్నారు. మొదటి చరణం ఎలాగో ఎగబాకాం. రెండో చరణం రాగానే, ఎప్పటి అలవాటు ప్రకారం, అందరూ ఒక్కసారే ఆగిపోయారు. నా గొంతు కూడా అక్కడికి ఎక్కలేదు. షామియానా కింద అంతమందిమి నోళ్లు తెరుచుకుని, ఆవిడ అందుకుంటుందని ఆగాం.